ఫ్యాన్ ఆపితే చాలు, పక్షి రెక్కలు కత్తిరించక్కర్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో ఇంట్లో పక్షుల పెంపకం గురించి వచ్చిన వ్యాసం చదివాను. తిండి గురించి, పంజరం శుభ్రం గురించి బాగా రాశారు. ఒక్కచోట మాత్రం మనసుకు కష్టంగా అనిపించింది. పిల్ల పక్షిని తెచ్చుకోగానే రెక్కలు కత్తిరిస్తే ఎగిరిపోదు, ఫ్యాన్‌కి తగలదు అని అందులో ఉంది. పేపర్లో వచ్చింది కదా అని ఎన్ని ఇళ్ళలో కత్తెర తీస్తారో అన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో ఎలక్ట్రీషియన్‌ని. ఫ్యాన్లు బిగించడం, వైరింగ్ నా పని. పని మీద ఇంటింటికీ తిరుగుతాను కాబట్టి హాల్లో ఓ మూల పంజరం, అందులో తల మీద జుట్టుండే చిన్న చిలుకలాంటి కాకటీలో, మనవాళ్ళు లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీల జంటో కనపడుతూనే ఉంటాయి. చాలావాటికి రెక్కలు కత్తిరించే ఉంటాయి. మా ఇంట్లోనూ ఒక కాకటీల్ ఉంది, పేరు పండు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి అదంటే ప్రాణం. మేం తెచ్చుకునేటప్పటికే కొట్లో దాని రెక్కలు రెండువైపులా కత్తిరించేశారు. "పిల్ల కదండీ, మచ్చిక అయ్యేదాకా ఇలాగే మంచిది" అన్నారు. ఆ మాట ఒక్క కొట్లోనే కాదు, చాలాచోట్ల వింటాం.

పిల్లప్పుడు కత్తిరించడమే అన్నిటికంటే పెద్ద నష్టం. కాకటీల్ పిల్ల పుట్టిన నాలుగైదు వారాలకు గూడు వదిలి ఎగరడం మొదలుపెడుతుంది. లేవడం, మలుపు తిరగడం, వేగం తగ్గించుకోవడం, కాలు సరిగ్గా కొమ్మ మీద ఆన్చడం, ఇవన్నీ ఆ తర్వాత కొన్ని వారాల్లో పడుతూ లేస్తూ నేర్చుకోవాల్సినవి. రొమ్ము కండరాలకు బలం వచ్చేదీ అప్పుడే. ఒక్కో రెక్క చివర పది పొడవాటి ఈకలుంటాయి. గాల్లో పక్షిని ముందుకు నెట్టేవి అవే, కత్తెర పడేదీ వాటి మీదే. అవి లేని పిల్ల ఎగరబోయినప్పుడల్లా దబ్బుమని టైల్స్ నేల మీద పడుతుంది. రొమ్ము ఎముకకు దెబ్బ తగులుతుంది. అలా పడ్డ పిల్ల నేర్చుకునేది ఒక్కటే, భయం.

ఈక మన గోళ్ళలాంటిది, ఎదిగాక దానిలో ప్రాణం ఉండదు. కానీ గోరులా కాదు, కత్తిరించిన ఈక మళ్ళీ పెరగదు. ఈకలు రాల్చే కాలం వచ్చినప్పుడు ఆ మోడు ఊడిపోయి కొత్తది మొలవాలి. కాకటీల్‌కి మొదటిసారి అది దాదాపు ఆరు నెలల వయసులో వస్తుంది. అలా వచ్చే కొత్త ఈక మొదట్లో నెత్తురుతో నిండి ఉంటుంది. పక్కన కాపు కాసే పొడవాటి ఈకలు లేకపోతే, పడ్డప్పుడు అది విరిగి నెత్తురు కారుతుంది. అలా జరిగితే మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో ఒత్తి పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంత చిన్న ప్రాణికి కొంచెం నెత్తురు పోయినా ప్రమాదమే.

పండుకి కొత్త ఈకలన్నీ వచ్చేశాయి. నిండుగా, తెల్లటి పట్టీతో చూడముచ్చటగా ఉన్నాయి. అయినా మొదట్లో ఎగిరేది కాదు. మా అమ్మాయి సోఫాలో కూర్చుని పిలిస్తే పంజరం మీద నుంచి కర్టెన్ పట్టుకుని, ముక్కుతో ఒక్కో మడతా పట్టుకుంటూ దిగి, నేల మీద నడుచుకుంటూ వచ్చేది. రెక్కలున్నాయన్న సంగతే దానికి తెలియనట్టుండేది. ఇది చూసి మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"గాల్లోకి విసిరెయ్యండి, అదే ఎగురుతుంది" అని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు. భయపడ్డ పక్షి ఎటు పోతుందో దానికే తెలియదు, గోడకో అద్దానికో కొట్టుకుంటుంది. పైగా విసిరిన చేతిని అది మళ్ళీ నమ్మదు. కాలికి దారం కట్టి ఎగరేయడం ఇంకా ఘోరం, కాలి ఎముక విరుగుతుంది.

నేర్పడానికి ముందు గదిని సిద్ధం చెయ్యాలి. ఫ్యాన్ సంగతి నా పనికి సంబంధించింది కనుక వివరంగా చెప్తాను. రెగ్యులేటర్ తగ్గించి ఉంచడం కాదు, స్విచ్ ఆపాలి. ఆపాక కూడా ఫ్యాన్ చాలాసేపు తిరుగుతుంది, పూర్తిగా నిలబడేదాకా పక్షిని వదలకూడదు. చాలామంది మరిచిపోయేది కరెంటు పోయినప్పటి సంగతి. కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది కదా అని పక్షిని వదిలేస్తారు, అది ఎత్తు చూసుకుని వెళ్ళి ఫ్యాన్ రెక్క మీదే కూర్చుంటుంది, ఈలోపు కరెంటు వస్తుంది. ఇన్వర్టర్ ఉంటే ఆ కాస్త వ్యవధి కూడా ఉండదు. అందుకని కరెంటు లేకపోయినా స్విచ్ ఆపే ఉంచాలి. ఇంకొకరు అలవాటుగా వేసెయ్యకుండా స్విచ్ మీద ఒక టేప్ ముక్క అంటించండి. పక్షులున్న ఇంట్లో పనికి వెళ్తే నేనే అంటించి వస్తాను. రెక్కలు కత్తిరించడానికి అందరూ చెప్పే కారణం ఫ్యాన్. దానికి కావలసింది ఒక టేప్ ముక్క!

కిటికీ అద్దం, బీరువా అద్దం పక్షికి ఖాళీ జాగాలా కనిపిస్తాయి. కర్టెన్ వెయ్యాలి, లేదా పాత పేపరు అంటించాలి. తలుపు గడియ పెట్టాలి, ఎందుకంటే తలుపు పైఅంచు పక్షులకు ఇష్టమైన చోటు, ఎవరైనా దబ్బున వేస్తే కాళ్ళు నలిగిపోతాయి. నీళ్ళ బకెట్ల మీద మూత ఉండాలి. వంటింట్లోకి అసలు రానివ్వకూడదు. కాగే నూనె సంగతి అందరికీ తెలుసు కానీ, నాన్‌స్టిక్ పెనం మాడినప్పుడు వచ్చే పొగ పక్క గదిలో ఉన్న పక్షినైనా నిమిషాల్లో చంపేస్తుంది. దోమల కాయిల్ పొగ కూడా వాటి ఊపిరికి మంచిది కాదు.

ఇక నేర్పడం. పంజరం పక్కన ఒక జామ కొమ్మ కట్టాం. నున్నటి ప్లాస్టిక్ కడ్డీ కంటే గరుకుగా ఉండే కొమ్మ మీద కాలికి పట్టు దొరుకుతుంది, దిగేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. దానికెదురుగా, అదే ఎత్తులో, పండు ఒక్క అడుగు వేస్తే అందేంత దూరంలో మా అమ్మాయి చెయ్యి. ఆ చేతిలో కొర్ర కంకి. పక్షుల కొట్లలో ప్యాకెట్లో పెట్టి అమ్మేది కూడా కొర్ర కంకే. రాయలసీమ నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చేలోదే తెమ్మనండి, దానంత ఇష్టం ఇంకోటి లేదు. మొదట అడుగు వేసి తినాలి. తర్వాత చెయ్యి కాస్త వెనక్కి జరపాలి, చిన్న గెంతు గెంతితే అందేంత. ఆ గెంతు అలవాటయ్యాకే ఇంకొంచెం వెనక్కి. రెక్క ఒక్కసారి ఆడిస్తే గానీ అందని దూరం దగ్గర ఆగి, అక్కడే చాలాకాలం ఉండాలి. అక్కడ తొందరపడితే అంతా మొదటికొస్తుంది.

పక్షి మొహం చూడటం తెలియాలి. ఎగరాలన్న మనసున్నప్పుడు పండు ముందుకు వంగుతుంది, కాళ్ళు మడుస్తుంది, రెక్కలు ఒంటికి కాస్త ఎడంగా పెడుతుంది. తలని అటూ ఇటూ ఊపి దూరం కొలుచుకుంటుంది. అప్పుడు పిలవాలి. జుట్టు నిటారుగా లేచి, ఒళ్ళు బిగదీసుకుంటే అది బెదిరింది, చెయ్యి దగ్గరికి తేవాలి. జుట్టు తలకి అతుక్కుపోయి బుసకొడితే ఆ పూటకి వదిలెయ్యాలి. నోరు తెరిచి రొప్పుతుంటే అలిసిపోయింది. పొద్దున్నే తిండికి ముందు కాసేపు, సాయంత్రం కాసేపు చాలు. అలాగని ఆకలికి మాడ్చి నేర్పడం మాత్రం పాపం.

మొదటిసారి జామ కొమ్మ నుంచి గది అవతలి మంచం కోడు మీదకు ఎగిరిన రోజు పండు దిగీ దిగగానే ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుని, జుట్టు లేపి, గట్టిగా ఈల వేసింది. మా అమ్మాయి అరవబోయి, బెదురుతుందని చేత్తో నోరు మూసుకుంది.

అందరూ వదిలేసే పాఠం ఒకటుంది. పైకి ఎగరడం కంటే కిందికి దిగడం పక్షికి కష్టం. వేగం అదుపు చేసుకుంటూ, ఎక్కడ ఆగాలో చూసుకుంటూ రావాలి. పండు కర్టెన్ రాడ్ మీదికి పోవడం త్వరగానే నేర్చుకుంది, దిగడమే రాక అక్కడ కూర్చుని అరిచేది. కర్ర పెట్టి దింపడం, చప్పట్లు కొట్టి అదిలించడం చెయ్యలేదు. మా అమ్మాయి కుర్చీ ఎక్కి రాడ్‌కి కొంచెం కిందుగా చెయ్యి పెట్టేది, తర్వాత స్టూలు, తర్వాత నేల. అలా మెట్టు మెట్టుగా దింపింది. ఇదంతా ఎందుకంటే, పొరపాటున తలుపు తీసి ఉండి పక్షి బయటికి పోయిందనుకోండి, అది కొబ్బరి చెట్టు చివరికి పోయి కూర్చుంటుంది. దానికి మనం కనపడుతూనే ఉంటాం, మన పిలుపు వింటూనే ఉంటుంది, దిగడం చేతకాక ఆగిపోతుంది. కిందికి దిగడం, పిలిస్తే రావడం వచ్చిన పక్షి తిరిగి చేతికి వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

రెక్కలు కత్తిరిస్తే పోదన్నది కూడా నిజం కాదు. మా వీధిలో ఒకరు ఆ ధైర్యంతోనే తమ బడ్జీని భుజం మీద పెట్టుకుని బాల్కనీలో నిలబడ్డారు. గోదావరి వైపు నుంచి వచ్చిన గాలి దాన్ని ఎత్తుకుపోయింది. కత్తిరించిన రెక్కలతో గాలికి ఎదురు తిరగలేదు, వెనక్కి రాలేదు. మళ్ళీ దొరకలేదు.

అసలు పక్షిని ఇంట్లో పెట్టడమే తప్పు కదా అని అడిగేవాళ్ళున్నారు. 2015లో ఢిల్లీ హైకోర్టు పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కుందని చెప్పింది. ఆ మాట న్యాయమైనదే. మన రామచిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఎవరూ కొనొద్దు. కాకటీల్ సంగతి వేరు. అది ఆస్ట్రేలియా పక్షి, మన దగ్గర ఉన్నవి పంజరాల్లోనే పుట్టి పెరిగినవి. బయట వదిలితే తిండి వెతుక్కోలేదు, కాకుల్నీ డేగల్నీ తప్పించుకోలేదు. వదల్లేం కాబట్టి ఇంట్లోనైనా ఎగరనివ్వడం మన బాధ్యత. కదలడానికి తగిన ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జీవిని ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోనే నేరంగా ఉంది. పెంపుడు జంతువుల కొట్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని 2018 నిబంధనలున్నాయి. అధికారులు ఆ రిజిస్ట్రేషన్ చూడటానికి వెళ్ళినప్పుడే, ఎగరడం రాని పక్షి పిల్లల రెక్కలు కత్తిరించి అమ్ముతున్నారేమో కూడా చూడాలని నా మనవి.

మీ పత్రిక చాలా ఇళ్ళకు వెళ్తుంది. ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, పశువైద్యుల్ని అడిగి, పిల్ల పక్షికి ఎగరడం ఎలా అలవాటు చెయ్యాలో ఒకసారి రాయించండి. ఇప్పటికే రెక్కలు కత్తిరించిన పక్షి ఉన్నవాళ్ళు కొత్త ఈకలు వచ్చేదాకా పంజరం చుట్టూ నేల మీద మందపాటి దుప్పటి పరచండి, కూర్చునే కొమ్మల్ని కిందికి దించి కట్టండి. రాత్రిళ్ళు చిన్న బెడ్‌లైట్ ఉంచండి, కాకటీళ్ళు చీకట్లో ఉలిక్కిపడి కొట్టుకుంటాయి, కొత్త ఈకలు విరిగేది ఎక్కువగా అప్పుడే.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
దానవాయిపేట, రాజమహేంద్రవరం.