మా చెల్లెలి ఫిట్స్ విషయంలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

మూడేళ్లుగా మా చెల్లెలి పరిస్థితి చూస్తూ, కనపడినప్పుడల్లా విచారిస్తున్న కావలి బంధుమిత్రులందరికీ నమస్కారం. ఆమెకున్నది మూర్ఛవ్యాధి కాదని, సైకోజెనిక్ నాన్ ఎపిలెప్టిక్ సీజర్స్ అని నెల్లూరులో తేలింది. మూర్ఛలో మెదడులోని విద్యుత్తు అదుపు తప్పుతుంది. ఇందులో అది జరగదు. మనసు మీది భారం, ఆమె ప్రమేయమేమీ లేకుండానే, అలా శరీరంలో బయటపడుతుంది.

ముందుగా నరాల డాక్టరుగారికి మా ఇంటిల్లిపాది చేతులెత్తి మొక్కుతున్నాం. అంతకుముందు చూపించిన చోట మాత్రలు పెంచుకుంటూ పోయి, చివరికి 'నటిస్తోంది' అన్నారు. ఆ మాటకు ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ డాక్టరుగారు ఫిట్స్ వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి తెమ్మన్నారు. కళ్లు గట్టిగా మూసుకుని ఉండడం, తల అటూ ఇటూ ఊగడం, పది నిమిషాలు దాటినా తగ్గుతూ హెచ్చుతూ సాగడం చూసి అనుమానించారు గానీ, అంతటితో తేల్చెయ్యలేదు. మూర్ఛ ఉన్నవాళ్లకు కూడా మామూలు ఈఈజీ (మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష) బాగానే ఉన్నట్లు రావచ్చునని, ఫిట్స్ వచ్చే వేళలోనే మనిషినీ మెదడు తరంగాలనూ కలిపి చూడాలని చెప్పి, వీడియో ఈఈజీకి చేర్చుకున్నారు.

రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. మా అమ్మ అలవాటు కొద్దీ తాళాలగుత్తి చేతిలో పెట్టబోతే, టెక్నీషియన్ అమ్మాయి మెల్లగా ఆపి, "ఇనుముతో పనిలేదమ్మా, దెబ్బ తగలకుండా చూస్తే చాలు" అంది. మర్నాడు డాక్టరుగారు ఆ రికార్డింగును ముందు మా చెల్లెలికే చూపించి, "మూర్ఛ తరంగాలు ఇందులో లేవు తల్లీ. కానీ నీకు వచ్చింది నిజం, నువ్వు కావాలని చేసింది కాదు" అన్నారు. ఆమె ఇంకొక్కసారి చూపించమని అడిగింది.

మాత్రలు ఒక్కసారిగా మానకూడదంటూ ఆయనే కొద్దికొద్దిగా తగ్గించారు. వారం వారం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం) చేస్తున్న సైకాలజిస్టు మేడమ్‌గారికి కూడా మేమెంతో రుణపడి ఉన్నాం. గుండె బిగబట్టినట్లయి, వేళ్లు తిమ్మిరెక్కగానే పాదాలు నేలకు ఆనించి, కంటికి కనపడే వస్తువుల పేర్లు పైకి చెప్పమని ఆమె నేర్పారు. ఇదీ ఒక వైద్యమేనా అని మొదట నాకే అనిపించింది. ఇప్పుడు వంటింట్లోంచి "గరిటె, చింతపండు డబ్బా, కిటికీ" అని వినిపిస్తే ఎవరం పరుగెత్తడం లేదు. వారానికి రెండు మూడుసార్లు వచ్చేవి నెలకొకసారికి తగ్గాయి. ఎందుకు మొదలయ్యాయన్నది ఆమె సొంత విషయం. దయచేసి ఎవరూ అడగవద్దు.

నేను అంగడి వదిలి రాలేని రోజుల్లో ఆమెను రైల్లో నెల్లూరుకు తీసుకెళ్లి తీసుకొచ్చిన పక్కింటి అక్కగారికి ప్రత్యేకంగా నా కృతజ్ఞతలు. ఇదంతా మా చెల్లెలు చదివి, సరేనన్న తర్వాతే పెడుతున్నాను.