లిథియం వాడేవారి ఇళ్ల కోసం రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో మానసిక వైద్యులు రాసేవి వదలకుండా చదువుతాను. పిల్లల పరీక్షల టెన్షన్, సెల్‌ఫోన్ పిచ్చి, ఒత్తిడి... తిప్పి తిప్పి ఇవే. ఎప్పుడో బైపోలార్ (మితిమీరిన ఉత్సాహం అంటే ఉన్మాదం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) గురించి వచ్చినా లక్షణాలు చెప్పి, డాక్టర్‌ను కలవండని ముగిస్తారు. కలిసొచ్చాక ఇంట్లో ఏం చూసుకోవాలన్నది కొత్తపేటలో మందుల షాపు నడిపే నన్ను అడుగుతుంటారు.

ఆ జబ్బుకు ఇచ్చే లిథియం బిళ్ల సంగతే చూడండి. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1 మిల్లీమోల్ వరకు ఉంటే మందు, బాగా పెరిగితే విషం. పరీక్షకు రక్తం చివరి బిళ్ల వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. చాలామంది పొద్దున్నే బిళ్ల మింగి ల్యాబ్‌కు వెళ్తారు. రిపోర్టులో ఎక్కువ వచ్చేసరికి ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

మన ఎండల్లో చెమటకు ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని సరిగా బయటికి పంపవు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, తూలడం మొదలైతే వడదెబ్బ అనుకుని మజ్జిగ పట్టించి పడుకోబెడతారు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన మనిషి! బీపీ అని ఉన్నట్టుండి ఉప్పు మానేసినా ఇదే ప్రమాదం. మోకాళ్ల నొప్పులకు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడినా లిథియం పెరగొచ్చు. ఆ బిళ్లలు అడిగేవాళ్లు లిథియం మాట ఎత్తరు. లిథియం చీటీని తెలిసినవాళ్ల కంట పడకుండా వేరే ఊరి షాపులో ఇస్తారు. బెజవాడ నుంచి మా షాపుకు వచ్చి కొనేవాళ్లున్నారు, మా పేటవాళ్లు బెజవాడ వెళ్తారట! ఇవన్నీ విని భయపడి సొంతంగా మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. అదీ రాయాలి.

ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని 1949లో ప్రకటించిన ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్, రెండో ప్రపంచ యుద్ధంలో మూడేళ్లకు పైగా జపాన్ వాళ్ల చెరలో ఉండి వచ్చినవాడు. పది మంది ఉన్మాద రోగులకు ఇచ్చి చూశాడు. జబ్బు తిరగబెట్టకుండా కూడా ఆపుతుందని డెన్మార్క్ వైద్యులు బాస్ట్రప్, మోగెన్స్ షౌ 1967లో చూపించారు. షౌ సోదరుడికీ ఆ మందే మేలు చేసింది. ఇంత పరిశోధన చేసిన షౌ, రోగులూ ఇంట్లోవాళ్లూ చదువుకోవడానికి ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే ఎక్కువ.

ఇక్కడ మెడికల్ కాలేజీ డాక్టర్లకు ప్రమోషన్ కావాలంటే జర్నల్‌లో పేపర్లు ఉండాలి. తెలుగులో రోగుల కోసం రాస్తే లెక్కలోకి రాదు. ఓపీ రద్దీలో ఇవన్నీ విడమరిచి చెప్పే తీరికా ఉండదు, వాళ్లను తప్పుపట్టను. మీరే అడిగి రాయించండి. అర పేజీ చాలు. కింద టెలిమానస్ (మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సాయం) నంబరు 14416 వేయండి. 2022 అక్టోబర్ నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అయినా మా కౌంటర్ దగ్గర చాలామంది ఆ నంబరు విననే లేదంటారు.

రోహిణి కార్తె రాకముందే వేస్తే మేలు.

– ఒక మందుల షాపు యజమాని, కొత్తపేట, గుంటూరు