కొర్రమీను ఎవరి దగ్గర నేర్చుకుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ విద్యార్థి పేజీలో జీవుల అనుకూలనాల మీద వ్యాసం చదివాను. అందులో ‘వేసవిలో చెరువులు ఎండిపోవడంతో కొర్రమీను గాలి పీల్చడం నేర్చుకుంది’ అని రాశారు. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. జవాబు పత్రాల్లో ఈ వాక్యాన్ని ఎన్ని వందలసార్లు ఎర్ర సిరాతో కొట్టేశానో లెక్కలేదు. ఇప్పుడు అచ్చులోనే కనిపించేసరికి ఉండబట్టలేక రాస్తున్నాను.

మాది కైకలూరు. ఇక్కడి చేపల బజారులో బొచ్చె, శీలావతి ఐసు మీద పడి ఉంటాయి. కొర్రమీను మాత్రం బేసిన్‌లో, ఒళ్లు సరిగా మునగని నీళ్లలో, బతికే ఉంటుంది. పైన వల కప్పకపోతే దూకి పక్క కొట్టు బల్ల కిందికి పోతుంది. కాసేపు నిలబడి చూడండి. మూతి పైకి పెట్టి గుటుక్కున ఓ గుక్క గాలి అందుకుని మళ్లీ దిగుతుంది. దాని తలలో మొప్పలకు పైన రెండు గదులున్నాయి. లోపలి పొర ముడతలు పడి, సన్నటి రక్తనాళాలతో నిండి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలో కలుస్తుంది. ఎదిగిన కొర్రమీనుకి ఒక్క మొప్పలే చాలవు. నీటి అడుగున వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే చచ్చిపోతుంది. చేప నీళ్లలో ఊపిరాడక చావడమేంటి సార్ అని క్లాసులో నవ్వేవారు. వలేసేవాళ్ల పిల్లలు మాత్రం నవ్వేవారు కాదు.

ఇంతకీ అది ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదు. ఒక్క ఈత పిల్లలైనా అన్నీ ఒక్కలా పుట్టవు కదా. దాని పూర్వీకుల్లోనూ గొంతు పొరలో రక్తనాళాలు కాస్త ఎక్కువున్నవీ, తక్కువున్నవీ పుట్టాయి. ఎండలకు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు మొదటి రకం ఎక్కువగా బతికి గుడ్లు పెట్టాయి, రెండో రకం కొంగల పాలయ్యాయి. ఇలా ఎన్ని తరాలో. బతికిన చేప కూడా తన ఒంట్లో ఏదీ కావాలని మార్చుకోలేదు.

పోనీ, అవసరమే నేర్పుతుందనుకుందాం. మరి బొచ్చెకెందుకు నేర్పలేదు? చెరువులో ఆక్సిజన్ తగ్గిన తెల్లవారుజామున అవి పైకి తేలి నోళ్లు తెరుచుకుని చచ్చిపోతుంటే మా రైతులు గుండెలు బాదుకోవడం ఈ లంకల్లో ఎవరికి తెలీదు? గాలి పీల్చే చేపల్లో కూడా అందరిదీ ఒక దారి కాదు. మార్పు చేపకు (దొంగచాటుగా పెంచే ఆఫ్రికా రకం సంగతి కాదు, మన నాటు మార్పు) మొప్పల వంపుల మీద చిన్న చెట్టులా కొమ్మలు మొలిచి ఉంటాయి. ముల్లు గుచ్చితే ఏడిపించే ఇంగిలాయికి మొప్పల దగ్గర్నుంచి తోక వైపుకి కండల మధ్యగా రెండు పొడుగాటి తిత్తులు. కొర్రమీనుకి తలలో గదులు. ఏదీ మన ఊపిరితిత్తి లాంటిది కాదు. ఉన్న ఒంట్లోంచే ఒక్కో వంశంలో ఒక్కో ఏర్పాటు.

ఈ తప్పు మీ ఒక్కరిదే అనను. నేను చెప్పిన సిలబస్‌లో జంతు వైవిధ్యం మొదటి ఏడాది, పరిణామం రెండో ఏడాది. మధ్యలో వేసవి సెలవులు! మొదటి ఏడాది కుర్రాడు లక్షణాల జాబితా బట్టీ పడతాడు. ఊపిరితిత్తుల చేపలంటే ఆస్ట్రేలియాలో నియోసెరటోడస్, ఆఫ్రికాలో ప్రోటోప్టెరస్, దక్షిణ అమెరికాలో లెపిడోసైరన్ అని మూడు ఖండాలు గడగడా తిరిగొస్తాడు. పొద్దున వాళ్లమ్మ బూడిద రాసి జిగురు వదిలించిన కొర్రమీను తలలో ఏముందంటే బిక్కమొహం. నేనూ చాలా ఏళ్లు ఫార్మలిన్ మందులో నిల్వ ఉంచిన చేపల సీసాలే చూపించాను. ఓ ఏడాది బజారు నుంచి తలకాయ తెప్పించి, మొప్ప మూత ఎత్తి, పై గదిలోకి అగ్గిపుల్ల దూర్చి చూపించాను. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. గది మాత్రం రెండ్రోజులు నీచు వాసన కొట్టింది, ప్రిన్సిపాల్ గారు ముక్కు మూసుకునే సంజాయిషీ అడిగారు.

2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో ‘అనువంశికత–పరిణామం’ పాఠం కాస్తా ఒట్టి ‘అనువంశికత’ అయింది. పదో తరగతితో సైన్సు వదిలేసే పిల్లలకు ఇక మీ ఆదివారం పేజీ లాంటివే దిక్కు. అందుకే ఇంత పట్టింపు.

వచ్చే ఆదివారం ఆ వాక్యానికి చిన్న సవరణ వేయమని మనవి. అన్నట్టు, వ్యాసం పక్కన వేసిన ఫొటో కూడా కొర్రమీనుది కాదు. ఒంటి నిండా నల్ల చుక్కలున్న అది మట్టగిడస.

ఇట్లు,
విశ్రాంత జువాలజీ లెక్చరర్,
కైకలూరు