విద్య, ఉద్యోగ వీసాల మార్గదర్శక విభాగం: 2025 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందు ప్రతి విభాగమూ తన నివేదికను సభ్యులకు అందజేయాలి. ఉగాది, బతుకమ్మ ఉత్సవాలూ తెలుగు బడి తరగతులూ సాంస్కృతిక విభాగం నివేదికలో ఉన్నాయి, జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. కాబట్టి జర్మనీలో చదువుకూ ఉద్యోగానికీ ఉన్న వీసా మార్గాలపై స్టుట్‌గార్ట్ పరిసరాల్లోని మన సంఘం 2025లో చేసిన పనిని మాత్రమే ఇక్కడ వివరిస్తున్నాం.

ఈ ఏడు విభాగం పనితీరులో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. ఇదివరకు ఇక్కడికి చేరాక చిక్కుల్లో పడిన విద్యార్థులకు తోడ్పడటమే మన ప్రధానమైన పనిగా ఉండేది. అయితే ఆ చిక్కుల్లో చాలావాటికి బీజం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కన్సల్టెన్సీకి మొదటి వాయిదా కట్టిన రోజే పడుతోందనీ, ఒక వీసాపై దిగిన మనిషిని ఆ తరువాత మరో దారిలోకి మళ్లించడం ఎవరి చేతుల్లోనూ ఉండటం లేదనీ కార్యవర్గం గమనించింది. అందువల్ల డబ్బు కట్టకముందే తల్లిదండ్రులతోనూ విద్యార్థులతోనూ ఆన్‌లైన్‌లో మాట్లాడే సమావేశాలకు ఎక్కువ సమయం కేటాయించాం. భారత కాలమానాన్ని బట్టి వారాంతపు ఉదయాల్లో వీటిని నిర్వహించాం.

మనవైపు నుంచి జర్మనీకి వచ్చేవారు ఇంతగా పెరగడానికి కారణాలు సభ్యులకు తెలిసినవే. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో జర్మన్ విశ్వవిద్యాలయాల్లో 49,483 మంది భారతీయ విద్యార్థులు ఉండగా, మరుసటి ఏటికి ఆ సంఖ్య 60,000కు చేరువైంది. విదేశీ విద్యార్థుల్లో మనవారిదే ఇప్పుడు మొదటి స్థానం. భారత్, జర్మనీల మధ్య 2022 డిసెంబరు 5న ఢిల్లీలో కుదిరిన వలస, రాకపోకల భాగస్వామ్య ఒప్పందమూ, నైపుణ్యం గల భారతీయ ఉద్యోగులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామన్న 2024 అక్టోబరు ప్రకటనా ఈ ఒరవడికి ఊతమిచ్చాయి. దీనికి తోడు 2025 మే నెలాఖరులో అమెరికా విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలివ్వడాన్ని కొన్ని వారాలపాటు ఆపివేసింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై 1,00,000 డాలర్ల చెల్లింపు విధించింది. ఆ తరువాత మాకు ఫోన్ చేసినవారిలో జర్మనీ గురించి అంతకుముందు ఎన్నడూ ఆలోచించని కుటుంబాలే ఎక్కువ. అమెరికాకు సిద్ధం చేసుకున్న కాగితాలనే ఇక్కడికి పంపితే సరిపోతుందనుకున్నవారు వీరిలో చాలామంది.

విద్యార్థి వీసా

భారతదేశంలో చదివినవారు విద్యార్థి వీసాకు దరఖాస్తు చేయడానికి 2022 నవంబరు 1 నుంచి ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి అయింది. ఢిల్లీలోని ఏపీఎస్ కార్యాలయం 18,000 రూపాయల రుసుము తీసుకుని మార్కుల జాబితాలనూ పట్టాలనూ సరిచూస్తుంది. ప్రవేశం దొరికాక దీన్ని తెచ్చుకోవచ్చులే అనుకున్నవారు సెమిస్టర్ మొదలయ్యే సమయానికి కూడా ఇండియాలోనే ఉండిపోయిన సందర్భాలు ఈ ఏడూ మా దృష్టికి వచ్చాయి. విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టడానికి ముందే ఏపీఎస్ పని పూర్తిచేయాలని ప్రతి సమావేశంలోనూ మొదటి మాటగా చెబుతున్నాం.

ఇంటర్ పూర్తికాగానే బ్యాచిలర్స్‌కు పంపాలనుకునే తల్లిదండ్రులకు ఇంకో విషయం ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. జర్మనీలో బడి చదువు మనకన్నా ఎక్కువ కాలం సాగుతుంది కనుక ఇంటర్ ఒక్కటే ఉంటే సాధారణంగా నేరుగా డిగ్రీలో చేరడం కుదరదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించినవారికీ, భారతదేశంలో గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో ఒక సంవత్సరం డిగ్రీ విజయవంతంగా పూర్తిచేసినవారికీ సంబంధిత సబ్జెక్టుల్లో దారి ఉంటుంది. మిగిలినవారు స్టూడియెన్‌కొల్లెగ్ అనే సన్నాహక కోర్సు చదివి, చివర పరీక్షలో నెగ్గాలి. ఆ కోర్సులో ప్రవేశ పరీక్షే జర్మన్ భాషలో ఉంటుందని కార్పొరేట్ కాలేజీ హాస్టల్ నుంచి నేరుగా విమానం ఎక్కించాలనుకునే తల్లిదండ్రులకు ముందుగా తెలియడం లేదు. మన అభిప్రాయం అడిగినవారికి బీటెక్ అక్కడే ముగించి మాస్టర్స్‌కు రావడమే మేలని చెప్పాం.

డబ్బు లెక్కలోనూ పొరపాట్లు ఎక్కువే. బ్లాక్డ్ అకౌంట్‌లో (జీవన ఖర్చులకు డబ్బుందని చూపడానికి ముందే జమచేసే ఖాతాలో) చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలుగా ఉంది. ఇది ఫీజు కాదు, కన్సల్టెన్సీకి చెందవలసిన సొమ్మూ కాదు. నెలకు 992 యూరోల చొప్పున విద్యార్థి ఖర్చుకే తిరిగి అతని చేతికి వచ్చే డబ్బు. అప్పు తెచ్చి ఈ మొత్తం చూపించి, జర్మనీ చేరగానే పార్ట్‌టైమ్ జీతంతో ఆ అప్పు తీర్చవచ్చని లెక్క వేసుకున్నవారు రెండో సెమిస్టర్‌కే చదువు వదిలేసే స్థితికి వస్తున్నారు. జర్మనీలో ఫీజులు ఉండవన్న మాట కూడా అన్నిచోట్లా నిజం కాదు. మనం ఉంటున్న బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017-18 శీతాకాల సెమిస్టర్ నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024-25 నుంచి కొత్తవారికి కోర్సును బట్టి సెమిస్టర్‌కు 2,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టింది. పైగా ఆరోగ్య బీమాలో విద్యార్థి రాయితీ 30 ఏళ్లు నిండేవరకే వర్తిస్తుంది. కొన్నాళ్లు ఉద్యోగం చేసి ఆ తరువాత ఎమ్మెస్‌కు వచ్చేవారు తమ నెలసరి ఖర్చులో ఈ తేడాను ముందే కలుపుకోవాలి.

2025 జులై 1 నుంచి వచ్చిన ఒక మార్పు మన పనిని నేరుగా ప్రభావితం చేసింది. అంతవరకు వీసా తిరస్కరిస్తే రెమోన్‌స్ట్రేషన్ పేరిట కాన్సులేట్‌కే ఉచితంగా పునఃపరిశీలన విజ్ఞప్తి పెట్టుకునే వీలుండేది. జర్మనీ ఆ పద్ధతిని ప్రపంచవ్యాప్తంగా ఎత్తివేసింది. ఇప్పుడు తిరస్కరణ ఎదురైతే మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి, లేదా బెర్లిన్ పాలనా న్యాయస్థానానికి వెళ్లాలి. రెండో దారిలో ఖర్చూ కాలమూ రెండూ ఎక్కువే కనుక, రెండు తెలుగు రాష్ట్రాలవారి దరఖాస్తులు చూసే చెన్నై కాన్సులేట్ జనరల్‌కు మొదటిసారి వెళ్లే ఫైలే నిర్దుష్టంగా ఉండాలి. ఈ కారణంగా ఆగస్టు నుంచి మన స్వచ్ఛంద కార్యకర్తలు ఫైలులో ఏయే పత్రాలు ఉన్నాయో, ఏవి లేవో చూసిపెట్టే సేవను ప్రారంభించారు. విద్యార్థి స్వయంగా రాయవలసిన ఉద్దేశ లేఖను మాత్రం ఎవరూ రాసిపెట్టకూడదని నిర్ణయించాం. ఆ కోర్సే ఎందుకు ఎంచుకున్నావని అధికారి అడిగితే, ఇతరులు రాసిన లేఖతో వచ్చిన విద్యార్థి తడబడక తప్పదు.

కొన్ని ప్రైవేటు సంస్థల కోర్సుల విషయంలో ఈ ఏడు మేము గట్టి వైఖరి తీసుకున్నాం. విద్యార్థి నివాస అనుమతి తరగతి గదిలో హాజరై చదివే పూర్తికాల చదువుకే వర్తిస్తుంది. చాలా భాగం ఆన్‌లైన్‌లో జరిగే కోర్సుకు చేరినవారిని, ఆ చదువు ఇండియాలో కూర్చుని కూడా చదవవచ్చు కదా అని అధికారులు ప్రశ్నించడంలో అన్యాయం ఏమీ లేదు. ఏ సంస్థ పేరునూ ఇక్కడ ప్రస్తావించడం లేదు గానీ, ప్రవేశపత్రం ఒక్క రోజులో వచ్చిందని సంబరపడే కుటుంబాలకు, అంత త్వరగా ఎందుకు ఇచ్చారో ముందు కనుక్కోమని చెబుతున్నాం.

చేరిన తరువాత

చిరునామా నమోదు, బీమా, బ్యాంకు ఖాతా వంటి విషయాలకు గత ఏడాది తయారుచేసిన కరపత్రమే ఇంకా ఉపయోగపడుతోంది. నివాస అనుమతి గడువు విషయం మాత్రం మరోసారి గుర్తుచేయాలి. పొడిగింపు దరఖాస్తును గడువు ముగియకముందే పెట్టినవారికి, అపాయింట్‌మెంట్ ఆలస్యమైనా, నిర్ణయం వచ్చేవరకు పాత అనుమతి చెల్లుబాటులో ఉన్నట్టే చట్టం భావిస్తుంది. దానికి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. అపాయింట్‌మెంట్ దొరకలేదు కదా అని దరఖాస్తే పెట్టకుండా ఎదురుచూసినవారికి ఈ రక్షణ వర్తించదు.

పని విషయంలో విద్యార్థులకు 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల అనుమతి ఉంది. అయితే ఇది ఒకరి దగ్గర ఉద్యోగిగా చేసే పనికే పరిమితం. స్వయం ఉపాధి కింద లెక్కకు వచ్చే పనులకు, ఉదాహరణకు బిల్లు రాసుకుని చేసే డెలివరీ పనికి, విడిగా అనుమతి తీసుకోవాలి. స్నేహితుడు చేస్తున్నాడు కదా అని మొదలుపెట్టిన ఇలాంటి పని తరువాత నివాస అనుమతి పొడిగింపులో ఇబ్బంది తెస్తుంది.

ఉద్యోగ మార్గాలు

ఇక్కడ డిగ్రీ పూర్తిచేసినవారికి ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి లభిస్తుంది. కాగితంపై ఇది ఉదారమైన గడువే. అయితే స్టుట్‌గార్ట్ ప్రాంతానికి అన్నం పెట్టే వాహన పరిశ్రమ వేలాది ఉద్యోగాల కోతను ప్రకటిస్తున్న ఈ కాలంలో మెకానికల్, ఆటోమోటివ్ చదివిన మన పిల్లలకు ఆ గడువు చాలడం లేదు. ఈ ఏడు సంప్రదించిన పట్టభద్రుల్లో ఉద్యోగం దొరికినవారినీ దొరకనివారినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మార్కులకన్నా విశ్వవిద్యాలయం పేరుకన్నా జర్మన్ భాషలోనే తేడా కనిపించిందని మార్గదర్శకుల అభిప్రాయం. ఇంగ్లీషు మాధ్యమంలో మాస్టర్స్ చదివినంత మాత్రాన ఇంగ్లీషులోనే ఉద్యోగం దొరుకుతుందన్న హామీ ఎక్కడా లేదు. అందుకే మొదటి సెమిస్టర్ నుంచే జర్మన్‌లో బి1 స్థాయికి (ఎ1 ప్రారంభ స్థాయి, బి1 మధ్యస్థం, బి2 దానికి పైది) చేరే ప్రయత్నం చేయమని ఒత్తిచెబుతున్నాం. మన సభ్యులు నడుపుతున్న సాయంత్రపు సంభాషణ తరగతిని వచ్చే ఏడు వారానికి రెండుసార్లకు పెంచే ప్రతిపాదన ఉంది.

ఉద్యోగం దొరికినవారు బ్లూ కార్డుకు (ఉన్నత విద్య ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతికి) అర్హత కోసం జీతం చూసుకోవాలి. 2025లో సాధారణ వార్షిక వేతన పరిమితి 48,300 యూరోలు, కొరత ఉన్న వృత్తులకూ పట్టా పొంది మూడేళ్లు దాటనివారికీ 43,759.80 యూరోలు. 2026 జనవరి 1 నుంచి ఇవి 50,700, 45,934.20 యూరోలకు పెరిగాయి. డిసెంబరులో ఆఫర్ లెటర్ తీసుకుని జనవరిలో దరఖాస్తు పెట్టేవారు పాత అంకెను నమ్ముకోకూడదు. పరిమితికి జీతం కొంచెం తక్కువైనంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. పట్టా ఉన్న నిపుణులకు మామూలు ఉద్యోగ నివాస అనుమతి కూడా ఉంది. బ్లూ కార్డుపై బి1 భాషతో 21 నెలలకు, ఎ1తో 27 నెలలకు శాశ్వత నివాసం అడగవచ్చు. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి రాకముందు ఎ1 పరీక్ష అవసరం లేదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లనుంచి ఈ ప్రశ్న తరచుగా వస్తున్నందున ఇక్కడ ప్రస్తావిస్తున్నాం.

పౌరసత్వానికి ఐదేళ్ల నివాసం చాలునన్న 2024 జూన్ నాటి సడలింపు కొనసాగుతోంది. ప్రత్యేక ప్రతిభ చూపినవారికి మూడేళ్లకే ఇచ్చే నిబంధనను మాత్రం 2025 అక్టోబరులో రద్దుచేశారు. జర్మనీ ఇప్పుడు ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించినా భారత చట్టం అంగీకరించదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్నవారు భారతీయ పాస్‌పోర్టును అప్పగించి ఓసీఐ కార్డు తీసుకోవలసిందే.

ఆపర్చునిటీ కార్డు

ఈ ఏడు అత్యధికంగా అపార్థానికి గురైన మార్గం ఇదే. 2024 జూన్ 1న మొదలైన ఈ కార్డును (జర్మన్‌లో చాన్సెన్‌కార్టె) తెలుగు రాష్ట్రాల్లో కొందరు ఏజెంట్లు వర్క్ వీసా అని చెప్పి లక్షల రూపాయలు తీసుకుంటున్నారు. నిజానికి ఇది గరిష్ఠంగా ఒక సంవత్సరం పాటు ఉద్యోగం వెతుక్కునే అనుమతి మాత్రమే. వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. అర్హతకు గుర్తింపు ఉన్న డిగ్రీ గానీ కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ గానీ ఉండాలి, ఎ1 జర్మన్ లేదా బి2 ఇంగ్లీషు రావాలి. వీటికి తోడు భాష, అనుభవం, వయసు వంటి అంశాల్లో 6 పాయింట్లు రావాలి. 2025లో నెలకు 1,091 యూరోల చొప్పున, అంటే ఏడాదికి 13,092 యూరోల జీవనాధారం చూపాలి. ఈ మొత్తం విద్యార్థి వీసాకు చూపేదానికన్నా ఎక్కువ. మంచి అనుభవం, బి1కు పైబడిన జర్మన్ ఉన్న ఐటీ నిపుణులకో ఇంజనీర్లకో ఇది చక్కని అవకాశమే. భాష రాకుండా, ఇంటర్వ్యూ పిలుపులేవీ చేతిలో లేకుండా, ఇల్లు తాకట్టు పెట్టి ఈ కార్డుపై రావద్దని విభాగం ఏకగ్రీవంగా సలహా ఇస్తోంది. ఈ సలహా కటువుగా ఉందని కొందరు సభ్యులు అభ్యంతరం తెలిపారు. సమావేశంలో దీనిపై చర్చకు సిద్ధంగా ఉన్నాం.

నర్సింగ్ చదివినవారికి దారి వేరు. వారికి వృత్తి గుర్తింపు కోసం సాధారణంగా బి2 జర్మన్ కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా భాషా శిక్షణతో కూడిన నియామకాలు జరుగుతున్నందున, ముందుగా ఆ దారి చూడమని చెబుతున్నాం. ప్రైవేటు ఏజెంటును ఆశ్రయిస్తే అతని లైసెన్సును భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. భారత నిబంధనల ప్రకారం నమోదిత రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి సేవా రుసుముగా తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే.

మన పరిధి, వచ్చే ఏడాది ప్రతిపాదనలు

ఉచితంగా ఇచ్చినా సరే, ఒక వ్యక్తి కేసుపై న్యాయ సలహా ఇవ్వడానికి జర్మన్ చట్టం ప్రకారం అర్హుడైన న్యాయవాది మార్గదర్శకత్వం ఉండాలి. కాబట్టి మన కార్యకర్తలు నిబంధనలు వివరించడం, పత్రాల జాబితా చూడటం, సరైన కార్యాలయానికి పంపడం వరకే పరిమితమవుతున్నారు. తిరస్కరణ, దేశం విడిచి వెళ్లమన్న నోటీసు వంటివి వస్తే న్యాయవాది వద్దకూ, సంక్షేమ సంస్థలు నడిపే ఉచిత వలస సలహా కేంద్రాలకూ పంపుతున్నాం. ఈ హద్దు దాటమని సభ్యులు స్నేహం కొద్దీ ఒత్తిడి చేయవద్దని మనవి.

సర్వసభ్య సమావేశం ఆమోదానికి మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. వలస చట్టంలో అనుభవమున్న న్యాయవాదితో త్రైమాసిక సంప్రదింపులకు నిధి కేటాయించాలి. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల ప్లేస్‌మెంట్ విభాగాలతో ఆన్‌లైన్ అవగాహన సమావేశాలు జరపాలి. ఏ కన్సల్టెన్సీ నుంచీ విరాళం గానీ ప్రకటన గానీ స్వీకరించకూడదన్న కార్యవర్గ నిర్ణయాన్ని నియమావళిలో చేర్చాలి. మూడోదానికి నియమావళి సవరణ అవసరం కనుక అందుకు తగినంత హాజరు ఉండేలా సభ్యులు సమావేశానికి రావాలని, రాలేనివారు తమ ఓటు అధికార పత్రాన్ని ముందుగా పంపాలని కోరుతున్నాం.

ఇట్లు,
కన్వీనర్, విద్య, ఉద్యోగ వీసాల మార్గదర్శక విభాగం