మిరప ఏరడానికి పోయే గర్భిణికి గుడ్డు అందేదెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

మా నర్సంపేట వైపు ఊళ్లలో ఇప్పుడు మిరప ఏరుడు జోరుగా సాగుతోంది. పొద్దున ఏడింటికే మేస్త్రీ ఆటో వచ్చి నిలబడుతుంది. మా వాడలో ఏడో నెల నడుస్తున్న ఒక కోడలు పిల్ల కూడా రోజూ అందులోనే పోతోంది. అంగన్‌వాడీలో ఆమె పేరుంది. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఆమెకు రావాలి. ఆ వేళకు ఆమె చేనులో సద్ది విప్పుకుంటుంది. అందులో ఉండేది అన్నం, పచ్చిపులుసు.

గర్భిణులకు ఈ భోజనం పెట్టే పథకం ఆరోగ్యలక్ష్మి. 2015 జనవరిలో మొదలైన ఈ పథకంలో అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చొని తినాలని ఊరికే పెట్టలేదు. ఇంటికిస్తే గుడ్డు పెద్ద పిల్లాడి కంచంలోకి పోతుంది. నేనూ చూశాను. కానీ కూలి వదులుకొని పన్నెండింటికి కేంద్రానికి ఎవరొస్తారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్ర గర్భిణుల్లో రక్తహీనత 2015-16లో 48 శాతం ఉంటే, 2019-21 నాటికి 53 శాతమైంది. పథకం ఉన్నా తగ్గలేదు. అందరూ కూలీలే అనను గానీ, మా పిల్లకు హిమోగ్లోబిన్ 8 ఉంది. కనీసం 11 ఉండాలి.

ఐరన్ గోళీలు ఇచ్చారు. వాటిని చాయ్‌తో మింగుతోంది! చాయ్‌తో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని ఆమెకు ఎవరూ చెప్పలేదట. ఇంట్లో అత్తేమో "ఎక్కువ తింటే బిడ్డ పెద్దగై కాన్పు కష్టమైతది" అంటుంది. తల్లి సరిగా తినకపోతే బిడ్డ బరువు తక్కువగా పుట్టొచ్చు. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ ఒళ్లు తొందరగా చల్లబడుతుంది, పాలు గట్టిగా చీకలేదు. ఆ కష్టం ఎవరు పడాలి?

నేను అడిగేది ఒక్కటే. పత్తి, మిరప ఏరే నెలల్లో ఉడికించిన గుడ్డు, పాలు పొద్దున ఆరింటి నుంచే కేంద్రంలో, టీచర్ కళ్ల ముందే ఇప్పించండి. అన్నం సంగతి తర్వాత చూద్దాం. ఆ అదనపు గంటకు టీచరుకు, ఆయాకు డబ్బు కట్టివ్వాలి. సర్వేలు, రిజిస్టర్లతో వాళ్లకిప్పటికే ఊపిరాడటం లేదు.

మా పిల్లకు ఏప్రిల్‌లో కాన్పు. ఏరుడు మార్చి దాకా ఉంటుంది.

– ఒక పాఠకురాలు, నర్సంపేట, వరంగల్ జిల్లా