ఒకే బస్సులో వెళ్ళిన వాళ్ళం

కోవెంట్రీ,
20 మే 2017

అమ్మలూ,

పోయిన నెల ఫోన్లో నువ్వొక మాట అడిగావు. "నాన్నా, మన కోవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ టీమ్ నాలుగో డివిజన్‌కి పడిపోయింది కదా, ఇప్పుడు కప్పు పండగ ఏమిటి?" అని. నాకు వెంటనే జవాబు తోచలేదు, ఏదో చెప్పి మాట మార్చేశాను. మంగళవారం రాత్రి ఆ విందుకి వెళ్ళొచ్చాను. అప్పట్నుంచీ నీకు చెప్పాలనే ఉంది. ఫోన్లో అయితే మధ్యలో గొంతు పట్టేస్తుంది. అందుకే ఉత్తరం.

ఇది క్లబ్బు పెట్టిన పెద్ద విందు కాదు. 1987 మే 16న మన టీమ్ ఆడిన ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్‌లో పెద్ద ఫుట్‌బాల్ కప్పు) ఫైనల్ చూడ్డానికి ఒకే బస్సులో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంకి వెళ్ళినవాళ్ళం సరిగ్గా ముప్పై ఏళ్ళకి, అదే తారీఖున, మళ్ళీ ఒకచోట కూర్చుని భోంచేశాం. అప్పుడు బస్సు నిండా జనం. మంగళవారం వచ్చింది పందొమ్మిది మందిమి. బల్లల మీద మా టీమ్ రంగు, లేత నీలం గుడ్డలు పరిచారు. బస్సులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తు చేసుకుని అదే వరసలో కుర్చీలు వేశారు. నా కుర్చీ పక్కన ఒక కుర్చీ ఖాళీ. దాని మీద మీ స్కై బ్లూ తాత మఫ్లర్ మడతపెట్టి ఉంచారు.

మన ఇరుగుపొరుగు పెద్దాయన్ని నువ్వు అలా పిలిచేదానివి కాబట్టి నేనూ అలాగే రాస్తాను. నువ్వు పుట్టకముందు సంగతి ఇది. నేను ఈ ఊరొచ్చి అప్పటికి రెండేళ్ళు. సగం రోజులు నైట్ డ్యూటీలే. మీ అమ్మ ఇంకా ఇండియాలోనే ఉంది. తాత కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేసి, ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నారు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో అలాంటి ఇల్లు లేని వీధి లేదు. ఆయన కొడుకు కూడా పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఫైనల్‌కి రావడం కుదరదన్నాడట. ఆ టికెట్ పట్టుకుని ఒక సాయంత్రం తాత మన తలుపు కొట్టారు. "డాక్టర్, శనివారం డ్యూటీ ఉందా?" అన్నారు. అంతకుముందు మా మధ్య నడిచిన మాటలన్నీ వాన గురించీ చెత్త డబ్బాల గురించీ.

నాకు తెలిసిన కప్పు ఒక్కటే, 1983లో కపిల్ దేవ్ లార్డ్స్‌లో ఎత్తినది. హాస్టల్లో రేడియో చుట్టూ మూగి విన్నాం. బస్సులో ఆ కథంతా తాతకి చెప్పాను. వెస్టిండీస్ అంతకుముందు రెండు వరల్డ్ కప్పులూ గెలిచిందని, మనల్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదని చెబితే ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఇవాళ మేమూ అంతే" అన్నారు.

నిజంగానే అంతే. 1883లో సింగర్ సైకిల్ ఫ్యాక్టరీ పనివాళ్ళు పెట్టుకున్న టీమ్ ఇది. నూట నాలుగేళ్ళలో ఒక్క పెద్ద కప్పు కూడా రాలేదు. అంతకుముందు మూడేళ్ళూ వరసగా, కింది డివిజన్‌కి పోకుండా సీజన్ చివరి మ్యాచ్‌లో బయటపడింది. అవతల టాటెన్‌హామ్. అప్పటికి ఏడుసార్లు ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడి ఏడుసార్లూ గెలిచిన టీమ్. హాడిల్, ఆర్డిలెస్, వాడిల్ వాళ్ళ వైపు. క్లైవ్ అలెన్ ఆ ఒక్క సీజన్లోనే నలభై ఎనిమిది గోల్స్ కొట్టి వచ్చాడు. రెండో నిమిషంలోనే నలభై తొమ్మిదోది కొట్టేశాడు.

మంగళవారం హాల్లో గోడ మీద తెర కట్టి మ్యాచ్ మొత్తం వేశారు. ఫలితం తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఆ రెండో నిమిషం గోల్ పడగానే హాలంతా నిట్టూర్చింది. నా అరచేతులు చెమట పట్టాయి, నిజం. తొమ్మిదో నిమిషంలో మా బెనెట్ వాళ్ళ గోల్‌కీపర్ క్లెమెన్స్‌ని తప్పించి స్కోరు సమం చేశాక గానీ ఫోర్కులు కదల్లేదు. సగం ఆటకి ముందు టాటెన్‌హామ్ మళ్ళీ ముందుకెళ్ళింది. ఆ గోల్ వాళ్ళ మాబట్‌దా, లేక మా కెప్టెన్ కిల్‌క్లైన్ కాలికి తగిలి వెళ్ళిందా అని మా బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు ప్లేట్లో భోజనం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళది అదే వాదనట.

తర్వాత హూచెన్ గోల్. నీకు చిన్నప్పుడు దిండ్లు పరిచి చూపించేవాణ్ణి, గుర్తుందా? మా గోల్‌కీపర్ ఒగ్రిజోవిచ్ బంతిని దూరంగా తంతాడు. రెజిస్ తలతో అందిస్తాడు. హూచెన్ దాన్ని కుడివైపు బెనెట్‌కి వదిలేసి గోల్ వైపు పరుగెడతాడు. బెనెట్ క్రాస్ వేస్తాడు. బంతి నడుమెత్తులో, మనిషికి కొంచెం ముందుగా వస్తోంది. కాలికి అందదు, నిలబడితే తలకీ అందదు. అప్పుడు హూచెన్ నేలకి సమాంతరంగా గాల్లోకి దూకి తలతో కొడతాడు. తెర మీద అది రాబోతుండగానే హాల్లో అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. లేచి, అలవాటుగా పక్కకి చూశాను.

ఆ రోజు వెంబ్లీలో ఆ క్షణంలో తాత నన్ను పట్టుకున్న పట్టుకి నా కళ్ళజోడు కిందపడింది. వెనక వరసలో ఉన్న తొమ్మిదేళ్ళ పాప దాన్ని తీసి, తన గౌనుతో తుడిచి ఇచ్చింది. ఆ పాప మంగళవారం వచ్చింది, పక్కన తన కొడుకు. వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు.

తొంభై నిమిషాలు అయ్యేసరికి 2-2. ఎక్స్‌ట్రా టైమ్‌లో, తొంభై ఆరో నిమిషంలో, మెక్‌గ్రా కుడివైపు నుంచి వేసిన క్రాస్ మాబట్ మోకాలికి తగిలి పైకి లేచి, క్లెమెన్స్ తల మీదుగా వెళ్ళి గోల్లో పడింది. సెల్ఫ్ గోల్. 3-2. అదే ఆఖరి స్కోరు. ఆ మోకాలి పేరు ఇక్కడ ఎంత ముద్దుగా తలుచుకుంటారో నీకు చెప్పక్కర్లేదు. హాల్లో కేకలు, గ్లాసుల చప్పుళ్ళు.

ఇక్కడ నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సంతా పాడుతోంది. తాత కాసేపు పాడి ఆగిపోయారు. ఎందుకని అడిగితే, "ఆ మోకాలి కుర్రాడు ఇవాళ ఎలా పడుకుంటాడో" అన్నారు. నాకు ఆ మాట ఎంత తగిలిందంటే, మాబట్ గురించి తర్వాత వెతికి వెతికి చదివాను. పదిహేడేళ్ళకే షుగర్ వ్యాధి బయటపడింది అతనికి. ఇన్సులిన్ తీసుకుంటూనే అంత పెద్ద స్థాయిలో ఆడాడు. 1991లో టాటెన్‌హామ్ మళ్ళీ ఫైనల్‌కి వచ్చింది. మాబట్ కెప్టెన్. ఈసారి ఎక్స్‌ట్రా టైమ్‌లో సెల్ఫ్ గోల్ పడింది అవతలి టీమ్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆటగాడికి. మాబట్ కప్పు ఎత్తుతుంటే మన హాల్లో సోఫా మీద తాతా నేనూ చప్పట్లు కొట్టాం. అప్పటికి నీకు ఏడాది. తాత ఒళ్ళోనే ఉన్నావు. అప్పట్నుంచీ, ఇన్సులిన్ అనగానే బెదిరిపోయే పిల్లలు నా దగ్గరకి వస్తే ముందు మాబట్ కథ చెప్పాకే సూది తీస్తాను.

ఇక నువ్వడిగిన దానికి వస్తాను. నువ్వన్నది నిజమే, ఇంత కింద మనం 1959 తర్వాత ఎప్పుడూ లేం. నూట ఆరేళ్ళు ఆడిన హైఫీల్డ్ రోడ్ మైదానం 2005లో పోయింది, ఇప్పుడక్కడ ఇళ్ళు. 2013లో అయితే మన సొంత మ్యాచ్‌లకి నార్తాంప్టన్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికే తాతకి ఆరోగ్యం బాలేదు. కారులో పడుకోబెట్టి అయినా తీసుకెళ్ళమన్నారు, నేనే ఒప్పుకోలేదు. ఆ ఒక్కటీ ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. తీసుకెళ్ళాల్సింది.

కానీ ఈ ఏప్రిల్ 2న, కింది డివిజన్ల చెకట్రేడ్ ట్రోఫీ ఫైనల్‌కి ఈ ఊరి నుంచి నలభై వేల మందికి పైగా వెంబ్లీ వెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్ మీద 2-1తో గెలిచాం. అదే నెలలో నాలుగో డివిజన్‌కి పడిపోయాం. రెండూ ఒకే నెలలో. ఈ సంగతి మంగళవారం ఎవరూ దాచుకోలేదు. భోజనం మధ్యలో ఓనర్ల మీద కోపం, ఏడుపు, అన్నీ అయ్యాయి. ఒకాయన బల్ల గుద్దితే నీళ్ళ జగ్గు దొర్లిపోయింది.

తర్వాత పుడ్డింగ్ వచ్చింది. దాంతోపాటు మా బస్సు ఏర్పాటు చేసిన పెద్దాయన కూతురు వచ్చే సీజన్ టికెట్ల ఫారాలు ఒక్కో బల్లకీ పంచింది. నేను చుట్టూ చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇందాక జగ్గు దొర్లించినాయన తుడుచుకున్న చేత్తోనే పెన్ను అడిగి తీసుకున్నాడు. పుడ్డింగ్ గిన్నెలు పక్కకి జరిపి, కస్టర్డ్ అంటకుండా కాగితం పట్టుకుని, పందొమ్మిది మందిలో పదిహేడు మంది అక్కడే నింపేశారు. మిగిలిన ఇద్దరు ముందే ఇంట్లో నింపుకుని తెచ్చారు. ఫోన్లో నేను చెప్పలేకపోయింది ఇదే అమ్మలూ. అది నువ్వు అక్కడుండి చూడాల్సింది.

నేను రెండు సీట్లకి రాశాను. మీ అమ్మ ఇంకా ఏమీ అనలేదు గానీ, ఫారం ఫ్రిజ్ మీద అతికించింది తనే.

బయల్దేరేటప్పుడు తాతగారి భార్య, మీ మామ్మ, నన్ను పక్కకి పిలిచారు. ఎనభై నాలుగేళ్ళు. చెయ్యి వణుకుతోంది. సంచిలోంచి ఒక పాత పర్సు తీసి, అందులోంచి ఆ రోజు తాత టికెట్ ముక్క తీసి నా చేతిలో పెట్టారు. "పిల్లకివ్వు. రోజూ స్కూలు నుంచి రాగానే మా ఇంటికే వచ్చేది కదా" అన్నారు. నేను వద్దనలేదు. వద్దంటే బాధపడేవారు.

దాన్ని ఈ కవర్లో, రెండు అట్టముక్కల మధ్య పెట్టి పంపుతున్నాను. అంచు కొంచెం చిరిగి ఉంది, అది వెంబ్లీ గేటు దగ్గర చింపింది. వెనకవైపు తాత పెన్సిల్‌తో స్కోరు రాసుకున్నారు. 3-2 కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది, నాకు చదవడానికి రాలేదు. నీ కళ్ళకి కనబడుతుందేమో, పగటి వెలుగులో చూడు. చూసి మామ్మకి ఫోన్ చెయ్యి, మధ్యాహ్నం రెండు దాటాక, ఆవిడ కునుకు తీసి లేచాక.

ఆగస్టులో సీజన్ మొదలవుతుంది. తేదీలు రాగానే పంపిస్తాను.

ప్రేమతో,
నాన్న