పేదవాళ్లకు పేర్లుండవా?

సంపాదకుల వారికి నమస్కారం. 2023 జూన్‌లో సముద్రం అడుగున టైటానిక్ ఓడ శిథిలాలు చూడ్డానికి వెళ్లిన టైటాన్ జలాంతర్గామి గల్లంతైనప్పుడు అందులోని ఐదుగురి కోసం ఛానెళ్లు గంటగంటకూ లైవ్ ఇచ్చాయి, వాళ్ల పేర్లు, వ్యాపారాలు, కుటుంబాలు అన్నీ మనకు తెలిశాయి. అంతకు నాలుగు రోజుల ముందే గ్రీస్ దగ్గర వలస వెళ్లేవాళ్ల పడవ మునిగి వందల మంది పోయారు, బతికింది 104 మందే. ఆ పడవలోని వాళ్లలో ఒక్కరి పేరైనా గుర్తుందా? ఆ ఐదుగురివీ ప్రాణాలే, కాదనను.

సీరియల్‌లో పనిమనిషి టీ కప్పులు పెట్టి వెళ్లిపోతుంది, ఆమెకు పిల్లలున్నారో లేదో ఎవరికీ పట్టదు. సమ్మె వార్తైతే మైకు ఇబ్బంది పడ్డ జనం దగ్గరికే పోతుంది, సమ్మె చేసేవాళ్ల జీతమెంతో అడగరు. చాలా బాధేస్తుంది. మీ పత్రికైనా ప్రమాద వార్తల్లో ‘నలుగురు కూలీలు’ అని వదిలేయకుండా వాళ్ల పేర్లు కనుక్కుని రాయండి.

– ఒక పాఠకురాలు